ఫార్సీలో జన్యువు

...అదిగో, మళ్ళీ అదే మాట. ఇరాన్‌లో ఉన్న తల్లితో ఫోన్లో మాట్లాడేటప్పుడు మరదలు గొంతు తగ్గిస్తుంది. ఆ ఒక్క మాట దగ్గర ఇంకాస్త తగ్గిస్తుంది. ఫార్సీ ఈ ఇంట్లో ఎవరికీ రానప్పుడు గొంతు తగ్గించడం దేనికి? తమ్ముడి పసివాడికి వినపడదని డాక్టరు తేల్చి చెప్పిన నాటి నుంచీ ఇదే వరస.

ఆసుపత్రిలో ఈ ఆడపడుచు పని నెత్తురు తీయడం. చేతుల పని చేతులది, బుర్ర మాత్రం ఆ మాట చుట్టూ తిరిగేది. చివరికి డిక్షనరీలో పట్టుకుంది. ఝెన్. జన్యువు. అనుకున్నంతా అయింది. లోపం మా రక్తానిదని అక్కడ చాటింపు వేస్తోందన్నమాట. పరీక్షకి మేనత్తగా తన నెత్తురు కూడా కావాలని డాక్టరు అడగడం వెనక ఈ పిల్లే ఉండి ఉంటుంది. ట్యూబుకి అంటించాల్సిన, తన పేరున్న చీటీ అప్పటి నుంచి జేబులో నలుగుతూనే ఉంది.

ఉయ్యాల దగ్గర కూర్చుని, ఏమీ ఎరగనట్టు, ఆ మాట నేర్పమంది.

మరదలు ఆశ్చర్యపోలేదు. వచ్చి పక్కన కూర్చుంది. జకీ షకీ మధ్య పలకాలంది, నాలుక పళ్ళకి తగలనివ్వొద్దంది. అది తమ మాట కూడా కాదట, ఫ్రెంచి వాళ్ళ దగ్గర తెచ్చుకున్నారట.

"మీ అమ్మకి రోజూ ఇదే పాఠమా?"

"అమ్మే అడుగుతుంది వదినా, మన వైపు నుంచా, వాళ్ళ వైపు నుంచా అని. మా తాతకి చెవుడు. మన వైపే అయ్యుండొచ్చు అమ్మా అంటాను. నోరు మూసుకో, కాపురం పాడు చేసుకోకు అంటుంది."

అబద్ధమేమోనని ఆ ముఖంలోకి చూసింది. చూస్తూండగా తోచింది, ఈ పిల్ల ఎప్పుడూ తన కుడిపక్కనే కూర్చుంటుంది. తన ఎడమ చెవి వినపడదని ఎవరూ చెప్పలేదే. ఎప్పుడు కనిపెట్టింది? కనిపెట్టి, ఎందుకు ఊరుకుంది?

చిన్నప్పుడు చీము పట్టి పోయిందని అమ్మ చెప్పేది. చీము జ్ఞాపకం లేదు. చెప్పేటప్పుడు అమ్మ గొంతు తగ్గించడం జ్ఞాపకం ఉంది.

మర్నాడు తోటి నర్సు ముందు కూర్చుని చెయ్యి చాపింది. ఖాళీ ట్యూబుకి పేరు అంటించకూడదు, నెత్తురు పడ్డాకే అంటించాలి. అది అక్కడి పద్ధతి. ట్యూబు నిండింది. నర్సు చీటీ కోసం చూసింది.

ఆమె జేబులోంచి తీసి, మడతలు సాపు చేసి, వెచ్చగా ఉన్న గాజు మీద తనే అంటించింది.