తడిబట్టల ప్రమాణం

పలమనేరు చలికి పాలు చెంబులో పడేలోపే గడ్డకట్టిపోతాయని చిన్నబ్బ తాత చెప్పేవాడు. ఆయన మాటల్లో సగానికి సగం కోసి పారేసినా ఇంకో ఊరికి సరిపడా మిగిలేవి. ఇప్పుడాయన లేడు. పలమనేరులో పొద్దున్నే ఆవుల దగ్గర కూర్చున్నప్పుడల్లా కోమలికి ఆ మాట గుర్తొస్తుంది. ఒక్కతే నవ్వుకుంటుంది. ఆ నవ్వు వెంటే కాణిపాకం వీధి కదిలి వస్తుంది: కర్పూరం వాసన, తడి గరిక వాసన, నాగరత్నమ్మ కేకలు.

కాణిపాకానికి ఆమె మొక్కు తీర్చుకోవడానికి పోలేదు. తిరుపతిలో మొగుడు ధర్మేంద్ర బెల్టు దెబ్బలకు తాళలేక, కట్టుబట్టలతో చిత్తూరు బస్సెక్కింది. చిత్తూరులోనూ తనవాళ్ళెవరూ లేరు. బస్సు కాణిపాకంలో ఆగితే జనంతోపాటు తనూ దిగిపోయింది.

గుడి వీధిలో కొబ్బరికాయలూ గరిక మాలలూ అమ్మే నాగరత్నమ్మ ఆ పిల్ల మెడమీది వాతలు చూసింది. ఏమైందని అడగలేదు. గరిక మోపు ముందుకు తోసి, "కట్టేది తెలుసునా?" అంది.

"తెలీదు."

"నాకూ తెలీదు, గుడియాత్తంలో మొగుణ్ణొదిలి ఈడికి పరిగెత్తుకోనొచ్చిన దినం. కూచోమ్మే."

అంగడి వెనక గదిలో కోమలికి చాప పడింది.

ఎదురుగా చిన్నబ్బ చెప్పుల స్టాండు. పలమనేరు నుంచి చిన్న వ్యానులో చామంతులు తెచ్చే గిరి, అన్ని అంగళ్ళకూ మూటలు దించి, ఈ అంగడికి వచ్చేసరికి మాత్రం నత్త అయిపోయేవాడు. కోమలితో మాట్లాడాలనుకున్నదంతా పూలకే చెప్పుకునేవాడు.

"ఏమప్పా గిరీ, ఒక మూట దించను ఇంతసేపా?" చిన్నబ్బ ఊరుకునేవాడు కాదు. "మా కాలంలో అయితే ఈపాటికి పెండ్లయి బిడ్డ బడికి పొయ్యేది!"

కోమలి తల వంచుకుని గరిక కట్టేది. చాలా కాలానికి ఆమెకు సిగ్గు అనేది ఒకటుందని గుర్తొచ్చింది, భయం కాకుండా.

అట్లా రోజులు కుదుటపడుతుండగా, ఎవరో భక్తులు తీసిన వీడియోలో ఆమె మొహం పడింది. అది తిరుపతి దాకా పోయింది.

ఒకరోజు ఎండపొద్దున ఆ గొంతు వినిపించింది. కోమలి చేతిలోని మాల అక్కడే వదిలేసి గోనెపట్టా తెర వెనక్కి జారుకుంది.

ధర్మేంద్ర గొంతులో తేనె కారుతోంది. "నా పెండ్లామమ్మా. మతి సరిగా లేదు పాపం. ఒక్క దెబ్బ గూడా కొట్టినోణ్ణి కాదు. పువ్వు మాదిరి సూసుకున్నా." ఫోనులో ఆ వీడియో తిప్పి తిప్పి చూపిస్తుంటే, పక్క అంగళ్ళవాళ్ళు అయ్యోపాపం అన్నారు.

"ఈడ లేదు, పో నాయనా," అంది నాగరత్నమ్మ.

"లేదా? అయితే తలకు పోసుకోని రా. తడిబట్టలతో స్వామి ముందర ప్రమాణం చెయ్యి. ఇట్నే ఎల్లిపోతా."

కాణిపాకంలో ఆ మాట ఆషామాషీ కాదు. పోలీసులకు లొంగనివాడు, పంచాయతీలో పదిమంది ముందు బొంకినవాడు, ఆ స్వామి ఎదుట తడిబట్టలతో నిలబడాలంటే కాళ్ళు వణుకుతాయి. అబద్ధం చెబితే ఆయన వదలడని ఆ సీమంతా నమ్మకం. కుళ్ళిన కొబ్బరికాయను బాగుందని చెప్పడానికే జడిసే మనిషి నాగరత్నమ్మ. ఇప్పుడామె నిజం చెబితే కోమలి మళ్ళీ ఆ ఇంటికి పోవాలి. అబద్ధం చెబితే, స్వామి సంగతేమో గాని, ఆ భయానికే ఆమె మంచం పడుతుంది.

"పోసుకుంటా పద," అంది నాగరత్నమ్మ. గొంతు వణికింది.

ఆ వణుకు కోమలి వినలేకపోయింది. తెర తోసుకుని బయటికి వచ్చింది.

"ఆగు పెద్దమ్మా. నేనీడనే ఉండా."

ధర్మేంద్ర ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నడువు ఇంటికి."

"వస్తా. నన్ను కొట్టలేదని ఇప్పుడే గదా అందరికీ చెప్పినావు? తలకు పోసుకోని అదే మాట స్వామి ముందర చెప్పు. చెప్పినావంటే నీ వెనకాల్నే బస్సెక్కుతా."

"ఏం మాటమ్మే అది, పాడుపిల్లా!" నాగరత్నమ్మ నెత్తి కొట్టుకుంది.

వ్యాను మీద నుంచి గిరి దూకాడు. పిడికిళ్ళు బిగించి వస్తున్నవాణ్ణి చూసి కోమలి వద్దన్నట్టు తలూపింది. అతను ఒక్క క్షణం ఆగాడు. తరువాత కొళాయి దగ్గరికి పోయి, బకెట్టు నింపి తెచ్చి ధర్మేంద్ర ముందు పెట్టాడు.

"నీళ్ళు పెట్టినానన్నా. పోసుకో."

"పోసుకో నాయనా, నిజానికి భయమేంది?" చిన్నబ్బ అందుకున్నాడు. "పోయినేడు ఒకాయప్ప మేకను కొట్టెయ్యలేదని తడిబట్టలతో చెప్పినాడు. బంగారుపాళ్యం దాటేలోపల బస్సులోనే మే మే అని మొదలుపెట్టినాడు. కండక్టరు ఇంక మనిషి టికెట్టు కొట్టనన్నాడు. ఇప్పటికీ పెండ్లాం చింతాకు తెచ్చి ఏస్తానే ఉండాది."

వీధి పగలబడి నవ్వింది. ధర్మేంద్ర నవ్వలేదు. అతనూ ఈ సీమలో పుట్టినవాడే. చెప్పులు విడిచి, మగ్గు ముంచి పాదాల మీద పోసుకున్నాడు. రెండోసారి ముంచాడు. మగ్గు నడుము దాకా లేచింది, అక్కడే ఆగిపోయింది.

"నాకు జలుబు," అన్నాడు చివరికి.

"జలుబు స్వామి సూసుకుంటాడులే!" అన్నాడు చిన్నబ్బ.

ఎవరో మళ్ళీ నవ్వారు. ధర్మేంద్ర మగ్గు విసిరికొట్టి, "పిచ్చినాయాళ్ళ ఊరు!" అంటూ జనాన్ని తోసుకుని ఉత్త కాళ్ళతోనే పోయాడు. ఆ చెప్పులు వారం రోజులు తిరుపతి దారి వైపే తిరిగి కూర్చున్నాయని తరువాత చిన్నబ్బ చెప్పాడు. చిన్నబ్బ చెప్పిందే గాని ఎవరూ చూడలేదు. విడాకుల కేసులో మాత్రం వీధి మొత్తం చిత్తూరు కోర్టుకు కదిలి సాక్ష్యం చెప్పింది.

ఆ రోజు జనం చెదిరిపోయాక గిరి బకెట్టు పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఒకేళ ఆయన పోసుకోనుంటే?"

"పోయేదాన్ని."

"నన్ను అడక్కుండానా?"

"నిన్నెందుకు అడగాల?"

గిరి కింద పడిన మగ్గు తీసి, నీళ్ళు ముంచి పైకెత్తాడు. మగవాడి చెయ్యి లేవగానే పాత అలవాటుకొద్దీ కోమలి భుజాలు ముడుచుకున్నాయి. నీళ్ళు గిరి నెత్తిమీదే పడ్డాయి.

"పద. నిన్నెట్టా సూసుకుంటానో స్వామి ముందర చెప్తా," అన్నాడు, చొక్కా నుంచి నీళ్ళు కారుతుండగా.

కోమలి లోపలికి పోయి తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

"తల తుడుసుకో. ఇంగొకరి మాట మింద ఇప్పుడే పోలేను. పోవాలనిపించినప్పుడు నేనే అడుగుతా."

కేసు నడిచినన్నాళ్ళూ గిరి పూలు తెస్తూనే ఉన్నాడు, మూట దించడానికి అంతసేపూ తీసుకుంటూనే ఉన్నాడు. విడాకులు వచ్చాక ఒక ఉదయం, అతను భుజాన చామంతుల మూటతో వస్తుంటే, కోమలి ఎదురుపోయి, "పోదామా?" అంది. మూట జారి గిరి కాలిమీద పడింది. నొప్పి తెలియడానికి సాయంత్రమైంది.