పుల్లయ్య మండపంలో ఉత్తరపు గోడ

పత్తికొండ నుంచి డోన్‌కు వెళ్ళే మొదటి బస్సులో కిటికీ పక్క సీటు వీరభద్రది, దాని పక్కది అతని భార్య గిడ్డమ్మది. ఇరవై ఆరేళ్ళుగా ఆ వరస మారలేదు. అతని సంచిలో రెండు తాపీలూ, ఒక రసమట్టమూ ఉండేవి. ఆమె సంచిలో సద్దిగిన్నెతో పాటు మరొక తాపీ ఉండేది. దాని పిడి అరిగిన తీరు చూస్తే అది ఎడమచేతి వాటం మనిషిదని ఎవరైనా చెప్పగలరు. బస్సు దిగాక వీరభద్ర ముందు నడిచేవాడు, గిడ్డమ్మ నాలుగడుగులు వెనక నడిచేది. పని దగ్గర అతను మేస్త్రీ, ఆమె మేస్త్రీ భార్య.

ఆ ప్రాంతంలో గోడలు తమను పూసిన చేతిని గుర్తుపడతాయి. పూసిన మనిషి వచ్చి ఎదుట నిలబడితే, ఎన్నేళ్ళ గోడైనా, ఎంత ఎండల్లోనైనా చెమరుస్తుంది. అందుకే గృహప్రవేశాలకు, గోడలు కట్టి పూసే బేల్దారులకు విస్తరి వాకిట్లోనే వేస్తారు. రంగు పాడవుతుందని యజమానుల భయం. అందులో అవమానమేమీ లేదు. బేల్దారులు తమ ఇంటిని తాము పూసుకోరు. పూసుకుంటే చెమ్మలో కాపురం చేయవలసి వస్తుంది. వీరభద్ర ఇంటిని అతని స్నేహితుడు ఓబుళేశు పూశాడు, ఓబుళేశు ఇంటిని వీరభద్ర పూశాడు. ఓబుళేశు చూడవచ్చినప్పుడల్లా గిడ్డమ్మ క్యాలెండరును మేకు నుంచి తీసి మంచం మీద పెట్టి, ఆ తరువాతే మంచినీళ్ళు ఇచ్చేది.

జ్యేష్ఠమాసం చివర, డోన్ దగ్గర కడుతున్న ఇళ్ళ కాలనీలో కాంట్రాక్టరు రంగనాథ్ పనివాళ్ళందరినీ ఒకచోట కూర్చోబెట్టి ఒక మాట చెప్పాడు. దసరా నుంచి నైపుణ్య పత్రం ఉన్నవారినే మేస్త్రీలుగా పెట్టుకోవాలట. ఆ పత్రం కోసం బడికి పోనక్కరలేదు. కడప నుంచి జయరాజ్ అనే పరీక్షాధికారి పని దగ్గరికే వస్తాడు. చేసే పనిని చూస్తాడు, నాలుగు ప్రశ్నలు అడుగుతాడు, చివరికి ఒక పాత పని ఎదుట మనిషిని నిలబెట్టి, గోడ గుర్తుపట్టిందో లేదో రాసుకుంటాడు. మూడూ సరిపోతేనే పత్రం.

వీరభద్ర పేరు మొదట రాశారు. రంగనాథ్ కలం మూత పెట్టకుండా గిడ్డమ్మ వైపు తిరిగాడు.

"నీ పేరు గూడా రాస్తాండా గిడ్డమ్మా. కాదనొద్దు."

వీరభద్ర నవ్వాడు. "ఆమెకెందుకప్పా? సిమెంటు మాలు మోసేదానికి గూడా పత్రం కావల్నా?"

"రెండేండ్ల నుంచి చూస్తాండా మేస్త్రీ. మాలు కలిపిచ్చేది శానాసార్లు నువ్వే," అన్నాడు రంగనాథ్. పనివాళ్ళు నవ్వారు. గిడ్డమ్మ నవ్వలేదు. తన పేరు రాస్తున్న చోట కాగితాన్ని గాలికి ఎగరకుండా వేలితో అదిమి పట్టుకుంది.

ఆ వేలు వీరభద్ర కళ్ళలో ముల్లులా నిలిచిపోయింది. ఆ రోజు నుంచి అతను భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూడసాగాడు. ఆమె గోడ మీద మాలు విసిరితే ఎంత కింద రాలిందో చూసేవాడు. రాలేది చాలా తక్కువ. పక్క ఇళ్ళ బేల్దారులు మూలల దగ్గర సందేహం వస్తే ఎవరిని పిలుస్తున్నారో గమనించేవాడు. వాళ్ళు గిడ్డక్కా అని పిలిచేవారు. పత్రం కోసం తీయించుకున్న ఫోటోలలో ఆమెది బాగా వచ్చిందని కూడా అతనికి కష్టంగా తోచింది. తనలో కదులుతున్నదానికి అతను పేరు పెట్టలేదు. పేరు పెడితే దానికి తానే యజమాని కావలసి వస్తుంది.

వారం తరువాత గిడ్డమ్మ తన దరఖాస్తు తెచ్చి భర్త ముందు పెట్టింది. ఎవరి కింద పని చేశారో ఆ మేస్త్రీ సంతకం చేయాలి. వీరభద్ర కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. పాత పని అన్నచోట, పత్తికొండలో టమాటా వ్యాపారి పుల్లయ్య కట్టించిన కల్యాణమండపంలోని ఉత్తరపు గోడ అని రాసి ఉంది. వీరభద్ర కాగితంలోనూ అదే గోడ ఉంది.

అరవై అడుగుల గోడ అది. ఒక చివర టార్చిలైటు ఆనించి వెలిగిస్తే రెండో చివరిదాకా ఒక్క ఉబ్బు నీడ కూడా పడలేదని, పద్దెనిమిదేళ్ళుగా ఆ ప్రాంతమంతా చెప్పుకుంటుంది. వీరభద్రను మేస్త్రీని చేసింది ఆ గోడే.

"ఆ గోడ నాది గదా," అన్నాడు.

"నీ భుజం పట్టేసిన ఇరవై దినాలు ఆ గోడ దానంతట అదే పూసుకున్న్యాదా?"

"నేను చెప్తాంటే పూసినావు."

"ఔ, చెప్తాంటివి. కింద కూచోని బీడీ తాగతా చెప్తాంటివి." ఆమె కలం అందించింది. "నీదైతే నీకే చెమరుస్తాది లే. సంతకం పెట్టేకి భయమెందుకు?"

అతను సంతకం పెట్టాడు. అయితే ఆమె చేసిన పని ఏమిటో మేస్త్రీ రాయవలసిన గడిలో, సహాయకురాలు అని రాశాడు. గిడ్డమ్మ ఆ మాటను చదివి, కాగితాన్ని మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టింది.

పద్దెనిమిదేళ్ళలో అతను ఆ గోడను మళ్ళీ చూడలేదు. ఆచారం ప్రకారం పెళ్ళిభోజనాలన్నీ బయట పందిట్లోనే చేశాడు. భుజం పట్టేసిన మాట నిజమే. కానీ ఆ గోడ కథను ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఆ ఇరవై రోజులు కొంచెం కొంచెం తగ్గి, చివరికి ఒక పూట నొప్పిగా మిగిలాయి. ఇప్పుడు అతనికి తెలుసుకోవాలనిపించింది.

ఆషాఢం కాబట్టి మండపం ఖాళీగా ఉంది. పుల్లయ్య తాళంచెవితో పాటు ఒక తుండుగుడ్డ కూడా ఇచ్చాడు, చెమ్మ తుడవడానికి. తాను బయటే ఫోనులో టమాటా ధరలు మాట్లాడుతూ నిలబడ్డాడు.

వీరభద్ర లోపలికి వెళ్ళి గోడ ఎదుట నిలబడ్డాడు. రెండు అరచేతులూ ఆనించాడు. గోడ మధ్యాహ్నపు రాయిలా పొడిగా ఉంది. ఈ చివర నుంచి ఆ చివరకు తడుముకుంటూ నడిచాడు. ఎక్కడా చుక్క తడి లేదు. అవతలి చివర తలుపు చట్రం పక్కన మాత్రం, అరచేయంత మేర, కొద్దిగా చల్లబడింది. అక్కడ తాను ఏదో పగులు పూడ్చిన సంగతి అతనికి లీలగా గుర్తొచ్చింది.

తరువాత పెరట్లో కొళాయి దగ్గరికి పోయి తుండుగుడ్డను తడిపి, పిండి, పుల్లయ్యకు తిరిగి ఇచ్చాడు.

"ఇంకా నిన్ను మర్చిపోలేదన్నమాట," అన్నాడు పుల్లయ్య సంతోషంగా.

ఆ సంతోషం మీద నిలబడే వీరభద్ర ఒక మాట అడిగాడు. గోడకు రంగు వెలిసిందని, తన పేరు నిలిపిన గోడ కాబట్టి తన చేత్తోనే ఊరికే రంగు వేసి పెడతానని చెప్పాడు. పుల్లయ్య కాదనలేదు. నియమం వీరభద్రకు తెలుసు: ఏ కారణం చేతనైనా గోడ ఎవరికీ పలకకపోతే, అది ఎవరి పని అన్నదానికి పరీక్షాధికారి మేస్త్రీ మాటనే రాసుకుంటాడు. వేరే గోడ పేరు రాసి ఇచ్చే వీలు ఇంకా ఉంది. కానీ అప్పుడు ఉత్తరపు గోడ ఆమెది అవుతుంది. ఆ ఆలోచనను అతను సహించలేకపోయాడు.

మైదుకూరులో పని ఉందని ఇంట్లో చెప్పి, మూడు రోజులు మండపంలో గడిపాడు. తేమను ఆపే చిక్కటి రంగు తెచ్చి రెండు పూతలు వేశాడు. ఆరిన తరువాత మూడో పూత కూడా వేశాడు. అరవై అడుగులూ గుడ్డు పెంకులా బిగుసుకున్నాయి.

పరీక్ష శుక్రవారం జరిగింది. జయరాజ్ సన్నగా, మెల్లగా మాట్లాడే మనిషి. కాలనీలో భార్యాభర్తలకు చెరొక గోడ ఇచ్చాడు. ఇద్దరూ తాడు కట్టి, మట్టం చూసుకుని, పూతకు ముందు ఇటుకలను తడిపారు. ఎందుకు తడుపుతారని జయరాజ్ అడిగితే, అది పద్ధతి అని వీరభద్ర అన్నాడు. గిడ్డమ్మ, ఇటుక దప్పికతో ఉంటే మాలులోని నీళ్ళు తాగేస్తుందని, అప్పుడు పూత పట్టు తప్పి డొల్లగా మోగుతుందని చెప్పింది. జయరాజ్ ఆ జవాబును పూర్తిగా రాసుకున్నాడు. అంతసేపు కదిలిన ఆ కలాన్ని విరిచేయాలనిపించింది వీరభద్రకు. అయినా ఇద్దరి పనీ బాగుందనే జయరాజ్ రాశాడు.

మధ్యాహ్నం జీపులో పత్తికొండ చేరారు. రంగనాథ్ కూడా వెంట వచ్చాడు. మండపంలో ఇంకా రంగు వాసన ఉంది. ముందు వీరభద్ర వెళ్ళి నిలబడ్డాడు. జయరాజ్ గడియారం చూసి పది నిమిషాలు ఆగి, గోడను వేలితో తాకి, గుర్తుపట్టలేదు అని రాశాడు. వీరభద్ర ఆశ్చర్యం నటించాడు. తరువాత గిడ్డమ్మ నడిచి వచ్చింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. జయరాజ్ కలం మళ్ళీ కాగితం మీదికి వంగింది. అప్పుడు గోడలో, పెనం మీద నీటి చుక్క పడినట్టు, చిన్న చప్పుడు వినిపించింది. రంగు ఒకచోట ఉబ్బింది. పక్కన ఇంకొకచోట ఉబ్బింది. బయటికి రాలేని చెమట, పూత పూసిన దారుల వెంటే రంగును లేపుకుంటూ పోయింది. తాపీ తిరిగిన ప్రతి వంపూ కొడవలిలా గోడ మీద లేచి నిలిచింది. ఆ వంపులన్నీ ఎడమకు తిరిగి ఉన్నాయి. వందలాది వంపులు, ఒకదాని అంచు మీద ఒకటి, ఎక్కడా వరస తప్పకుండా, అరవై అడుగుల పొడవునా. వట్టిగా చెమర్చి ఉంటే గోడ తడిసేది, అంతే. ఇప్పుడు ఆమె చేయి కదిలిన కదలిక ఒక్కటీ మిగలకుండా అందరి కళ్ళ ముందూ ఉంది.

పుల్లయ్య తల పట్టుకున్నాడు. జయరాజ్ గోడ పొడవునా నడుస్తూ ఫోటోలు తీసుకున్నాడు. ఇలాంటి గుర్తింపు తాను ఎక్కడా చూడలేదని మాత్రం అన్నాడు. గిడ్డమ్మ ఒక ఉబ్బును గోటితో చీల్చింది. సన్నటి నీటిధార కింది దాకా జారింది. రంగు పెచ్చును తీసి మందం చూసింది, వాసన చూసింది. మూడు రోజుల తరువాత ఇంటికి తిరిగొచ్చిన భర్త చొక్కాకు ఉన్న వాసన అదే. ఆమె వెనక్కి తిరగలేదు.

"మైదుకూరు పని బాగా చేసినావు," అంది.

ఆమెకు పత్రం వచ్చింది. సహాయకురాలు అన్న మాట మీద జయరాజ్ అడ్డంగా గీత గీసి, పక్కన సంతకం చేశాడు. వీరభద్రను ఆరు నెలల తరువాత మళ్ళీ రమ్మన్నారు. అప్పుడు తానొక్కడే పూసిన గోడ ఏదైనా చూపవచ్చు.

ఆ ఒక్క గోడ కోసం అతను తన ఇరవై ఆరేళ్ళనూ వెదికాడు. ఆదివారాల్లో పాత ఇళ్ళ దాకా వెళ్ళి వీధిలోనే నిలబడేవాడు. లోపలికి రమ్మంటే రాడు. ఏ గోడ తనకు ఎంత చెమరుస్తుందో, ఎంత మేర పొడిగా ఉండిపోతుందో చూసే ధైర్యం అతనికి లేదు. ఒకప్పుడు ఊళ్ళన్నీ తనవే అనుకున్న మనిషికి, ఇది నాది అని చూపడానికి ఒక గది కూడా మిగలలేదు.

దసరా తరువాతి సోమవారం కాలనీలో గిడ్డమ్మ పనులు పంచింది. పనివాళ్ళు ఆమె చెప్పినచోటికి వెళ్ళిపోయాక వీరభద్ర ఒక్కడే మిగిలాడు. ఆమె అతన్ని తూర్పు వరసలోని ఇంటికి తీసుకుపోయి, ఇటుకలు బయటికి కనిపిస్తున్న ఒక గదిని చూపింది.

"ఈ నాలుగు గోడలూ నీవి. నేను వీటి మీద చెయ్యి పెట్టను. ఎవరినీ పెట్టనియ్యను."

అది ఇవ్వడమో, వెక్కిరించడమో అతనికి తెలియలేదు. బిందెతో నీళ్ళు తెచ్చి ఇటుకలు తడిపాడు. పక్క ఇంట్లో ఆమె తాపీ చప్పుడు మొదలైంది. వేగంగా, తడబాటు లేకుండా. ఆ వేగాన్ని అందుకోవాలని అతను చేయి తొందర చేశాడు. గోడ మధ్యలో అల లేచింది. టార్చి ఆనించి చూస్తే నీడ స్పష్టంగా పడింది. పూసినదంతా గీకి కింద పడేసి, చెవుల మీదుగా తువ్వాలు గట్టిగా బిగించి కట్టుకుని, మళ్ళీ మూల నుంచి మొదలుపెట్టాడు.

నాలుగు గోడలకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తరువాత రోజూ పూటపూటకూ అతనే నీళ్ళు కొట్టాడు. కొత్త గోడ ఎవరికైనా తడిగానే ఉంటుంది. ఎవరి కోసం తడిసిందో ఆరేదాకా తెలియదు. బిందె పట్టుకుని నిలబడి, నీరు ఇంకుతున్న గోడను చూస్తుండగా, గిడ్డమ్మ గడప దాకా వచ్చింది. ఆమె కళ్ళు గోడ పొడవునా ఒకసారి మెల్లగా నడిచాయి. కాలు లోపల పెట్టకుండా, అన్నం వేళయిందని చెప్పి వెళ్ళిపోయింది.