ఎర్ర గీత

కువైట్‌లోని వఫ్రా తోటలో కూలీల రేకుల షెడ్డును ఎండిన వాగు పల్లంలో కట్టించారు. మిట్ట నేల టమాటాకు కావాలనీ, మనుషులకు పల్లం చాలుననీ మేనేజరు తీర్పు. ఎనభైల మొదట్లో ఒక చలికాలపు పగలు వాన విడవక కురిసి, ఆ వాగుకు ప్రాణం వచ్చింది.

మళ్లలో నిలిచిన నీటిని వాగులోకి తోడే పంపు షెడ్డు పక్కనే ఉంది, దానికి పెద్దిరాజు కాపలా. వాగులో పాతిన కర్రమీద మేనేజరు ఎర్ర గీత గీయించాడు. నీరు దాన్ని తాకకముందే పంపు ఆపినా, షెడ్డు ఖాళీ చేసినా ఇఖామా ఖలాస్, ఈ దేశంలో ఉండే అనుమతి రద్దే అని చెప్పి, తాను మిట్టమీది గదిలోకి వెళ్లిపోయాడు.

మిగతా కూలీలంతా మిట్ట మళ్లలో పనిలో ఉన్నారు. షెడ్డులో వంటమనిషి సుల్తాన్‌బీ ఒక్కతే జ్వరంతో లేవలేక పడి ఉంది. ఆమె అన్న ఖాసిం వలి పరుగున వచ్చాడు.

"రాజన్నా, చెల్లెల్ని పైకి మోసకపోదాం, పట్టు."

"కంగారుపడకెహె! కర్ర సూడు, నీరు జానెడు తీసింది. గోదారొడ్డున పుట్టినోణ్ణి, వరద గురించి నాకు సెప్తావా?"

"మీ గోదారి దొరసాని, చెప్పి వస్తాది. మా రాయచోటి వంక దొంగ మాదిరి వస్తాది. పైన వాన నిలిచిందా? నిలవల్యా. మరి నీళ్లెట్ల తగ్గె? యాడనో అడ్డం పడినాయి. అది తెగితే నీ కర్రా ఉండదు, గీతా ఉండదు."

పెద్దిరాజు ఎగువకు చూశాడు. అక్కడ ఆకాశం కాటుక పూసినట్టుంది. అతని ఊళ్లో వరద రోజుల్లో గట్టున పుల్ల గుచ్చి, దాన్ని నమ్మి నిద్రపోయేవారు. ఆ పుల్ల ఎన్నడూ అబద్ధమాడలేదు. ఇక్కడ గీతకు నీరింకా మూరెడు దూరంలో ఉంది. కదిలితే కూడు పోతుంది. షెడ్డులోంచి సుల్తాన్‌బీ మూలుగు వినబడింది.

పంపు ఆపేశాడు. "పద!"

మంచంతో సహా ఆమెను ఎత్తుకుని గట్టెక్కారో లేదో, ఎగువన ఉరుము కాని ఉరుము. ముళ్లకంపలతో, చచ్చిన గొర్రెలతో బురదనీరు గోడలా వచ్చి షెడ్డును అగ్గిపెట్టెలా ఊడ్చుకుపోయింది. పంపు జాడే లేదు.

సాయంత్రం వీసాలిచ్చి వీళ్లను రప్పించిన తోట యజమాని, కఫీల్, వచ్చాడు. మేనేజరు ముందుగానే పెద్దిరాజును పక్కకు లాగి హిందీలో గొణిగాడు: "నీరు గీత తాకగానే నేనే ఖాళీ చేయించానని చెప్పు. నీ ఇఖామాకు నాది పూచీ."

ఏం జరిగిందని కఫీల్ అడిగాడు. పెద్దిరాజు వచ్చీరాని అరబీలో ఉన్నదే చెప్పాడు: నీరు గీతను తాకనే లేదు. తాకేదాకా ఆగి ఉంటే ముగ్గురమూ పోయేవాళ్లం. పంపు ఆపింది నేనే. మనుషుల్ని పల్లంలో పెట్టింది మాత్రం నేను కాదు.

మేనేజరు తల దించుకున్నాడు. కఫీల్ కొట్టుకుపోయిన షెడ్డు చోటునే చూస్తూ నిలబడ్డాడు.

పెద్దిరాజు టమాటా తీగకు ఊతమిచ్చిన కర్రనొకదాన్ని పెరికి, వరద వదిలిన బురద చారకు బాగా పైన, పచ్చని మడి నడుమ పాతాడు.

"షెడ్డు ఇక్కడ," అన్నాడు.

ఇఖామా ఉంటుందో ఊడుతుందో అతనికింకా తెలియదు. ఆ కర్రను మాత్రం ఎవరూ పెరకలేదు.