గేటుకడ్డంగా ఇనప తొట్టి

గదంత చెత్త తొట్టి ఒకటి లెక్కల టీచరమ్మ గేటుకి అడ్డంగా మూడు రోజులుగా తిష్ఠ వేసింది. పక్కింటాయన వంటగది పగలగొట్టించుకుంటూ, ఆ ఇటుక ముక్కలు వేయడానికి తెప్పించాడు. "ఒక్క పూటేనమ్మా" అన్నాడు. ఆ ఒక్క పూట సాగుతూనే ఉంది. గేటు స్తంభానికీ తొట్టికీ మధ్య మనిషి పక్కవాటుగా దూరేంత సందు మాత్రం మిగిలింది.

వేరే రోజయితే టీచరమ్మ ఓపిక పట్టేదే. కానీ ఇవాళ పదకొండింటికి అత్తయ్య ఆసుపత్రి నుంచి వస్తోంది. తుంటి ఎముక విరిగి, రెండు నెలలు మంచాన పడి, మళ్ళీ నడక నేర్చుకుని మరీ వస్తోంది. కర్ర ఊతంతో ఇరవై అడుగులు వేయగలదు, ఆ తర్వాత కూర్చోవాల్సిందే. కారు గుమ్మం దాకా వస్తే పది అడుగులతో సరిపోయేది. గేటు నుంచయితే ఎనభై. టీచరమ్మ అచ్చం అత్తయ్యలాగే చిన్న చిన్న అడుగులు వేసి రెండుసార్లు కొలిచింది. పోనీ ఎత్తుకొద్దామా అంటే, ఆవిడ ఫోన్లో ముందే తేల్చేసింది.

"నా ఇంట్లోకి నా కాళ్ళతోనే వస్తా. ఎవరైనా నన్ను మోశారో, కారు వెనక్కి తిప్పించి ఆసుపత్రికే పోతా."

అన్నంత పనీ చేసే మనిషి.

పదింటికి లారీ రాగానే టీచరమ్మకి ప్రాణం లేచొచ్చింది. డ్రైవరు దిగి, తొట్టిని ఎగాదిగా చూసి, తల అడ్డంగా ఊపాడు.

"అంచు దాటి సామానుంటే ఎత్తనమ్మా. దారిలో జారి ఎవరి నెత్తినైనా పడితే నా లైసెన్సు ఊడుతుంది. అంచు కిందకి దించి ఉంచండి. ఇంకో రెండు చోట్లకి పోయి మధ్యాహ్నం వస్తా."

"నేను వేయించింది సగమే!" అని పక్కింటాయన లబోదిబోమన్నాడు. "మిగతాదంతా ఎవరిదో నాకేం తెలుసు?"

తెలియందెవరికి? ఎవరూ చూడని సమయం చూసుకుని వీధి వీధంతా తలా ఒకటి అందులో పడేసింది. ఇప్పుడేమో అందరూ ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడి, తేలు కుట్టిన దొంగల్లా మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

టీచరమ్మకి ఒళ్ళు మండింది. కడిగేద్దామని నోరు తెరిచింది కూడా. తెరిచిన నోరు మూసుకోక తప్పలేదు. అందరికంటే పైన, కాళ్ళు ఆకాశానికి చాపుకుని ఉన్న పేము కుర్చీ ఆమె పడేసిందే. అది అత్తయ్య కుర్చీ. సీటు కుంగి, పడక్కుర్చీకీ మామూలు కుర్చీకీ మధ్య ఏదోలా తయారైంది. పారేద్దామంటే "నేను పోయాక పారెయ్" అనేది ఆవిడ. ఇంట్లో లేని అదను చూసి మొన్నే తొట్టిపాలు చేసింది కోడలు.

సిగ్గుని దిగమింగుకుని టీచరమ్మ తొట్టి ఎక్కింది.

"ఇది నాదే. మా అత్తయ్యకి తెలియకుండా పారేశాను" అని వీధంతా వినేలా చెప్పి, కుర్చీని కిందికి దించింది.

అది విని కుట్టుమిషను పిన్ని నీళ్ళు నములుతూ వచ్చింది. "ఆ ముక్కాలి కుర్చీ... ఒకప్పుడు నాలుగు కాళ్ళుండేవిలే... మాదేనే తల్లీ." రిటైరైన పోస్టుమాస్టరు దగ్గుతూ వచ్చి తన ఆఫీసు కుర్చీని గుర్తుపట్టాడు. "పొరపాటున పడుంటుంది" అన్నాడు. రెండు గోడలు దాటి పొరపాటున పడ్డ కుర్చీ! వీధంతా పకపకా నవ్వింది. ఇక మొహమాటం ఎవరికీ మిగల్లేదు. చిల్లుల పరుపూ, రెక్క విరిగిన ఫ్యానూ ఎవరివి వాళ్ళ ఇళ్ళకి దారి పట్టాయి.

గేటు పక్కన మూడు కుర్చీలు మిగిలాయి. వాటిని చూస్తూ చూస్తూ టీచరమ్మ ఉన్నట్టుండి గట్టిగా అంది.

"ఎనభైలో ఇరవైలు నాలుగు. మధ్యలో ఆగాల్సింది మూడేసార్లు!"

కారు వచ్చేసరికి కుర్చీలు గేటు నుంచి గుమ్మం దాకా వరసగా దారి పొడుగునా కొలువుదీరాయి. ముక్కాలి కుర్చీకి నాలుగో కాలుగా పక్కింటాయన ఇటుకలు పేర్చాడు. కారులో తీసుకొచ్చిన కొడుకు చెయ్యి విదిలించుకుని, అత్తయ్య సందులోంచి పక్కవాటుగా దూరి లోపలికొచ్చింది. ఇరవై దగ్గర ఆఫీసు కుర్చీలో దర్జాగా కూర్చుంది. నలభై దగ్గర కూర్చోబోతూ ఆగింది.

"ఇది మన వెనకగదిలోది కదే? ఇక్కడికెలా వచ్చింది?"

"మీకు ఎదురొచ్చింది అత్తయ్యా."

అత్తయ్య కోడలి మొహాన్నీ, బట్టలకంటిన సున్నాన్నీ, తొట్టినీ మార్చి మార్చి చూసింది. "అర్థమైందిలే" అని, కుంగిన సీటులో హాయిగా కూరుకుపోయి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు విని టీచరమ్మకి రెండు నెలల భారం దిగిపోయింది.

అరవై దగ్గర పిన్ని తన కుర్చీని దులిపి పట్టుకుని నిలబడింది. అత్తయ్య దాని వీపు మీద చెయ్యి వేసి, ఒకసారి ఊపిరి పీల్చుకుని, కూర్చోకుండా ముందుకి నడిచింది.

"అత్తయ్యా, ఇరవై అయ్యాయి!"

"నాకూ లెక్కలొచ్చు."

వెనకాల వీధంతా లెక్క అందుకుంది. ముప్పై అయ్యాయి, ముప్పైఅయిదు అయ్యాయి. నలభయ్యో అడుగు గుమ్మం లోపల పడింది. అత్తయ్య తలుపు పట్టుకుని, చెమట తుడుచుకుని, వెనక్కి తిరిగింది.

"ఆ కుర్చీలు ఎక్కడివక్కడే ఉంచండి. రేపు గేటు దాకా పోయొస్తా."