నూట పద్దెనిమిదో వస్తువు

నూట పదహారు, నూట పదిహేడు, నూట పద్దెనిమిది.

ఆమె వేలు గాలిలోనే ఆగిపోయింది. నిన్న సాయంత్రం తాళం వేసేటప్పుడు నూట పదిహేడే ఉన్నాయి. ఒకటి తగ్గితే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. బల్లల కింద దూరి చూడాలి, గుడ్డలు ఎత్తి చూడాలి, ఊపిరి బిగబట్టి మొదటినుంచి మళ్ళీ లెక్కపెట్టాలి. ఒకటి ఎక్కువైతే ఏం చెయ్యాలో మాత్రం అరవై ఏళ్ళ బతుకులో ఎవరూ నేర్పలేదు.

మూతపడిన ధాన్యం గోదాము అది. రిటైరైన మాస్టారొకరు పట్టుబట్టి దాన్ని పది రోజులపాటు మ్యూజియం చేశారు. చుట్టుపక్కల ఇళ్ళ అటకల మీదివి, పెట్టెల అడుగువి, నూతులు తవ్వుతుంటే దొరికినవి అన్నీ తెచ్చి స్కూలు బల్లల మీద పరిచారు. రెండు తలల దూడ పుర్రె, చంటిపిల్ల తలంత తాళంకప్ప, రాతి గొడ్డలి, ఒకదానికొకటి అతుక్కుపోయిన నాణేలు. ప్రతిదాని ముందూ ఒక అట్టముక్క, దాని మీద మాస్టారి గుండ్రటి అక్షరాలు. వస్తువు ఇచ్చినవాళ్ళు ఏం చెబితే అదే రాయడం పద్ధతి. అందుకే అచ్చం ఒకేలా ఉన్న రెండు పళ్ళలో ఒకటి ఈ బల్ల మీద ఏనుగుది, ఇంకొకటి ఆ బల్ల మీద రాక్షసుడిది.

కాపలాకు మాస్టారు ఆమెను తప్ప ఇంకెవర్నీ అడగలేదు. ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై రెండేళ్ళు దుప్పట్లు లెక్కపెట్టిన మనిషి. ఒక్క దిండుగలేబు కూడా పోయిన పాపాన పోలేదు. సన్నగా, కాస్త ముందుకు వంగి ఉంటుంది. సోడానీళ్ళకు గోళ్ళు తెల్లబడ్డాయి, వేళ్ళ కణుపులు ఉబ్బాయి. గాజుగ్లాసైనా గరిటైనా రెండు చేతులా పట్టుకుంటుంది. చూసేవాళ్ళు మర్యాదనుకుంటారు. మర్యాదా కాదు, పాడూ కాదు, భయం.

ఇంట్లో ఆమె పేరు జారుచేతులు. అన్నయ్య, వదిన, వాళ్ళ పిల్లలు, ఆఖరికి పక్కింటివాళ్ళు కూడా అలాగే అంటారు. తాళంచెవులు జారుచేతులకివ్వకండర్రా అని నవ్వుతారు. వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వేస్తుంది.

ఎక్కువైన వస్తువు ఆఖరి బల్ల చివర కనిపించింది. అరచేతిలో ఇమిడేంత గుండ్రటి ఇత్తడి డబ్బా. మూత తెరిచి ఉంది. అద్దం కింద సన్నటి ముల్లు. మూత బందు ఎప్పుడో విరిగితే రాగితీగ చుట్టి బిగించారు, మూడు చుట్లు. ఆ తీగ చుట్టింది నాన్నేనని ఆమెకు తెలుసు. చుడుతున్నంతసేపూ పక్కన దీపం పట్టుకుని నిలబడింది తనే.

దిక్సూచి.

బల్ల అంచు పట్టుకుని అట్ట చదివింది. ‘దిక్సూచి. భూమి సర్వేలో వాడినది. తండ్రిగారు పెద్దకొడుకుకు స్వహస్తాలతో ఇచ్చినది.’ కింద అన్నయ్య పేరు, రిటైర్డ్ బస్ కండక్టర్ అని.

“నిన్న మీరెళ్ళాక మీ అన్నగారే తెచ్చిచ్చారమ్మా, నా దగ్గరున్న రెండో తాళంచెవితో తీసి పెట్టాను,” అన్నారు మాస్టారు చీపురు మూలన పెడుతూ. “ఇంత మంచి వస్తువు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ అన్నాను. మీకు తెలిసే ఉంటుందిగా?”

“తెలీదండీ,” అంది.

నాన్న సర్వే ఆఫీసులో భూమి కొలిచే గొలుసు లాగే పని చేసేవాడు. దిక్సూచి ఆఫీసుది. సర్వేయరు నమ్మి ఆయన చేతికిస్తే, ప్రతి ఆదివారం కూతురు దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేది. పదేళ్ళ పిల్లకు అదెంత గొప్పో! ఒక ఆదివారం తుడిచి, కిటికీ గట్టు మీద పెట్టి, మంచినీళ్ళు తాగి వచ్చేసరికి లేదు. ఇల్లంతా తిరగేశారు. నాన్న నడుముకున్న బెల్టు తీశాడు. రెండు దెబ్బలు పడ్డాక అడ్డం వచ్చింది అన్నయ్యే, పదమూడేళ్ళవాడు. చిన్నపిల్ల నాన్నా, తెలియక పారేసుకుంది, వదిలెయ్యి అంటూ నాన్న చేతికి వేలాడాడు.

నాన్న ఉద్యోగం పోయింది. ఆమె బడి పోయింది. లాండ్రీలో మొదట నీళ్ళు మోసింది, తర్వాత బట్టలు పిండింది, చాలా ఏళ్ళకు లెక్కల దగ్గర కూర్చుంది. మంచాన పడ్డ నాన్నకు గ్లాసుతో నీళ్ళిస్తే ముఖం తిప్పుకున్నాడు. “నువ్వొద్దు. వాణ్ణి తెమ్మను. నీ చేతిలో ఏదీ నిలవదు,” అన్నాడు. ఆమెతో ఆయన ఆడిన చివరి మాట అదే.

ఆ రోజు అన్నయ్య అడ్డం పడకపోతే నేనుండేదాన్ని కాదని ఆమె ఎంతమందికి చెప్పిందో! ఇంట్లో తన సగం అన్నయ్యకు రాసిచ్చినప్పుడూ అదే చెప్పింది. వెనకగదిలో మంచం వేసుకుని, ఆ ఇంటిల్లిపాదికీ బట్టలుతికి ఇస్త్రీ చేసి పెడుతూ, ఇదేపాటి, ఇంకా చెయ్యాలనే అనుకునేది.

ఇప్పుడు ఈ అట్ట చూస్తే తండ్రి స్వహస్తాలతో ఇచ్చాడంటోంది. అంటే నాన్నకు దొరికిందా? దొరికితే తనకొక్క మాట చెప్పకుండా పోయాడా? అన్నీ తెలిసే ఆ నీళ్ళు వద్దన్నాడా? అన్నయ్యను అడిగితేగాని తేలదు.

ఆ రోజు జనం బాగానే వచ్చారు. రెండు తలల దూడ దగ్గర ఎప్పటిలాగే తోపులాట. గంటకోసారి లెక్కపెట్టే అలవాటు ఆమెది. ఆ రోజు రెండుసార్లు మధ్యలో తప్పింది. అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు.

“ఇదేం చేస్తుందమ్మా?” అని ఒకావిడ దిక్సూచి చూపించింది.

“ఎటు తిప్పినా ఉత్తరమే చూపిస్తుందండీ. ముల్లు మొరాయిస్తే అద్దం మీద చిన్నగా తట్టాలి.” తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

“మీకు బాగా తెలుసే!” అని మెచ్చుకుని వెళ్ళింది ఆవిడ.

మూడింటికి అన్నయ్య వచ్చాడు, వెంట ఇద్దరు పాత కండక్టర్లు. నూనె రాసి నున్నగా దువ్విన తల, బొజ్జ మీద బిగుసుకున్న చొక్కా. తిన్నగా ఆఖరి బల్ల దగ్గరికే నడిచాడు.

“చూశావటే! నాన్నది!” ముఖం వెలిగిపోతోంది.

“నాన్నకిది ఎప్పుడు దొరికింది అన్నయ్యా?”

“దొరకడమేంటి, మొదట్నుంచీ నా దగ్గరే ఉందిగా!” స్నేహితుల వైపు తిరిగాడు. “ముచ్చటపడి కిటికీలోంచి లాగేశానర్రా. ఆయనేమో ఇల్లు పీకి పందిరేశాడు. ఇక బయటపెట్టాలంటే హడలు. మా చెల్లిని చితక్కొడుతుంటే నేనే అడ్డం పడ్డాను. గుర్తుందటే? అప్పుడిది నా లాగు జేబులోనే ఉంది! ఎక్కడ జారిపడుతుందోనని ఒక చేత్తో జేబు పట్టుకుని, ఇంకో చేత్తో నాన్నని పట్టుకుని...” నవ్వు తన్నుకొచ్చి మాట పూర్తి కాలేదు. స్నేహితులు కూడా నవ్వారు.

“మరి నాన్న ఇచ్చాడని రాయించావే?”

“ఏదోటి రాయించాలిగా. కొట్టేశానని రాయించమంటావా?”

“అయితే నాన్నకి తెలీదు.”

“తెలిస్తే బతకనిస్తాడా నన్ను? చివరిదాకా తెలీదు, పాపం.”

పాపమట. ఆ పాపం కూడా నాన్నకే. ఆమెకు ఒళ్ళంతా మండింది. బెల్టు తీసిన నాన్న మీద కూడా ఏనాడూ ఇంత కోపం రాలేదు. ఆయన నమ్మి కొట్టాడు. ఇతను అన్నీ తెలిసి కాపాడాడు. ఆ కాపాడినందుకే కదా తను బతుకంతా ఊడిగం చేసింది!

“అన్నయ్యా, నాకొకటి చేసిపెట్టు,” అంది. “ఆ అట్ట మీద ఒక్క ముక్క రాయించు. చెల్లెలు పారెయ్యలేదని. నువ్వు తీశావని రాయించొద్దు. నేను పారెయ్యలేదని రాయిస్తే చాలు.”

నవ్వు ఆగింది. “మతిగాని పోయిందా? రేపు ముగింపు సభలో నన్ను వేదిక మీదికి పిలుస్తుంటే, ఇప్పుడా నీ గోల? ఎప్పటి సంగతి, ఎవరికి గుర్తుంది? అయినా ఇందులో నీకేం పోయిందే?”

లెక్కల మనిషి గనక ఏమేం పోయాయో వరసగా చెప్పగలదు. బడి దగ్గర మొదలుపెట్టేలోపే అతను గుమ్మం వైపు తిరిగాడు.

వెళ్తూ వెళ్తూ భుజం తట్టాడు. “ఆ తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టు, రేపటికి. కాలరు జాగ్రత్త.”

జనం పలచబడ్డాక ఆమె మాస్టారికి అంతా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“నమ్మక కాదమ్మా. ఇచ్చినవాళ్ళు చెప్పిందే రాయాలి, మనం పెట్టుకున్న పద్ధతి అది. రేపు సభ పెట్టుకుని ఆయన్ని నొప్పించి... మీరూ మీరూ ఇంట్లో మాట్లాడుకుంటే బాగుంటుంది.”

“సరేనండీ.” తాళంచెవి ఆయన ముందు పెట్టింది. “రేపు నేను రానండీ.”

“అయ్యో, కోపం వచ్చిందామ్మా?”

“వచ్చిందండీ,” అంది.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. వదిన వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. ఆమె వెనకగదిలోకి వెళ్ళి, దండెం మీది తెల్లచొక్కా తీసి బల్ల మీద పరిచింది. నీళ్ళు చల్లి, చేతులు మడిచి, బిగించి చుట్టింది. అలవాటుపడ్డ చేతులు, వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఇస్త్రీపెట్టె మీద చెయ్యి వేశాక ఆగింది.

మంచం కిందనుంచి సంచీ లాగింది. రెండు జతల బట్టలు, కళ్ళజోడు, మందుల డబ్బా. లాండ్రీలో కలిసి పనిచేసిన స్నేహితురాలు పట్నంలో ఒంటరిగా ఉంటోంది. ఎప్పుడొచ్చినా సరే, నీకో మంచం వేసే ఉంటుందని ఏళ్ళుగా పోరుతోంది. ఆరింటికి బస్సుంది.

“వెళ్తున్నా వదినా,” అని కేకేసింది గుమ్మం దగ్గర.

“వచ్చేటప్పుడు పాలు పట్రా,” అంది వదిన లోపల్నుంచి.

అన్నయ్య వచ్చేసరికి మునిమాపు వేళైంది. వెనకగదిలో దీపం వేసి, ఒసేవ్ అని చెల్లెల్ని ఒకటికి రెండుసార్లు పిలిచాడు. ఇస్త్రీపెట్టె చల్లగా ఉంది. పక్కన తెల్లచొక్కా, చుట్టింది చుట్టినట్టే, కాలరు దగ్గర ఇంకా తడిగా.