గోడ మీద ముగ్గు గీత

అంకారావు ఆ సాయంత్రం నాలుగోసారి వాకిట్లోకి వచ్చి ఆకాశం వంక చూశాడు. ఎండ ఇంకా తూర్పు కాంపౌండు గోడ మీదే ఉంది. పొద్దు గూకితే తప్ప ఆయన పని ముందుకు సాగదు. పొద్దేమో ఆయన తొందర తనకేం పట్టనట్టు తీరిగ్గా ఉంది.

"మీరు చూస్తే గూకుతుందా ఏంటండీ? లోపలికొచ్చి కాఫీ తాగండి," అంది రావమ్మ వంటింట్లోంచి.

"కాఫీ సంగతి తర్వాత. ముగ్గు గొట్టం... అదే, ముగ్గు బద్ద ఉందా ఇంట్లో?"

"ఉంది. పొద్దుట్నించి మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ ఉందనే చెప్పా."

ఆయన కాలు నిలవకపోవడానికి కారణం ఉంది. నాలుగు రోజుల కిందట వినగడపలో తోట చూసుకుని భార్యాభర్తలిద్దరూ కారులో తిరువూరు వస్తున్నారు. మసక చీకటి. కల్వర్టు దగ్గర రావమ్మ "ఏవండీ!" అని కేకేసేదాకా ఎదురుగా ఉన్న గేదె ఆయనకి కనిపించలేదు. బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. గేదె కొమ్ము పక్క అద్దాన్ని గీరి ఊరుకుంది. గేదెని తోలుకెళుతున్న హనుమాయమ్మ మాత్రం ఊరుకోలేదు.

"కళ్ళు కనపట్టంలేదా ఏం అంకారావూ?" అంది.

ఎవరైనా అనే మాటే అది. రోడ్డు మీద రోజుకి పదిమంది పదిమందిని అంటుంటారు. కానీ ఆ మాట అంకారావుకి లోపల ఎక్కడో దిగబడిపోయింది. ఇంటికి రాగానే రావమ్మ, "విజయవాడ వెళ్ళి కళ్ళ డాక్టరుకి చూపించుకుందాం," అంది. ఆయన ఇంతెత్తున లేచాడు.

"నా కళ్ళకేమొచ్చింది? పత్తికాయలో పురుగు నీకు కనపడుతుందా, నాకు కనపడుతుందా? బండి కొని పదకొండేళ్ళయింది. లైట్లు ముసలివైపోయాయి. వాటికి చూపించాలి డాక్టరుకి!"

చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. బల్బులు మార్చి, లైట్లు సరిచేసి, అదే రోడ్డు మీద అదే వేళకి వెళ్ళాలి. దారి కనపడితే రావమ్మ కళ్ళ మాట మళ్ళీ ఎత్తకూడదు. కనపడకపోతే కారు తాళం ఆమె చేతిలో పెట్టి డాక్టరు దగ్గరికి నడవాలి.

ఒప్పుకున్నాడే గానీ ఆయనకి భయంగానే ఉంది. వాళ్ళ నాన్న చివరి పదకొండేళ్ళు చూపు లేకుండా మంచం మీద గడిపాడు. వీధిలో పోయేవాళ్ళని చెప్పుల చప్పుడుని బట్టి పేరు పెట్టి పిలిచేవాడు. "ఏం గుర్తు, ఏం గుర్తు!" అని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెప్పుదల విన్నప్పుడల్లా అంకారావుకి ఒళ్ళు మండిపోయేది. ఇప్పుడు అరవై రెండేళ్ళ వయసులో ఒళ్ళు మండటం లేదు, వణుకుతోంది.

బస్టాండు దగ్గర ముషారఫ్‌కి ఆటో ఎలక్ట్రికల్ కొట్టు ఉంది. బల్బులు అతని దగ్గరే కొన్నాడు.

"బండి తీసుకురండి బాబాయ్, పావుగంటలో పెట్టిస్తా," అన్నాడు ముషారఫ్.

"నేను పెట్టుకుంటాలేవోయ్. బల్బు మార్చడం కూడా రాదనుకున్నావా?"

అసలు సంగతి అది కాదు. లైట్లు సరిచేశాక ముషారఫ్ బండి యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయటిదాకా వెళ్ళి, "అది కనపడుతుందా? ఇది కనపడుతుందా?" అని అడిగి గానీ వదలడు. ఆ పరీక్ష అంకారావుకి వద్దు. కొట్టు ముందు కుర్చీలో కూర్చునే ముషారఫ్ తండ్రి పీర్‌సాహెబ్‌కి తెలిస్తే, బస్సు దిగిన ప్రతివాడికీ తెలిసినట్టే.

"సరే అయితే. గోడకి పాతిక అడుగుల దూరంలో నిలబెట్టండి," అన్నాడు ముషారఫ్. "నేల నుంచి లైటు ఎంత ఎత్తులో ఉందో కొలిచి, గోడ మీద అంతే ఎత్తులో గీత గీయండి. డిమ్ వేస్తే వెలుగు ఆ గీతకి రెండంగుళాలు కింద పడాలి. నేల మాత్రం మట్టంగా ఉండాలి బాబాయ్."

"మా వాకిలి చూళ్ళేదా నువ్వు? నాపరాళ్ళు. గోళీ పెడితే కదలదు!" అని దర్జాగా వచ్చేశాడు.

ఆ మధ్యాహ్నమే బానెట్ ఎత్తాడు. కుడివైపు బల్బు తేలిగ్గానే వచ్చింది. వెనకాల రబ్బరు టోపీ లాగి, స్ప్రింగు క్లిప్పు నొక్కి, పాతది తీసి కొత్తది పెట్టాడు. ఎడమవైపు బ్యాటరీ అడ్డం. ఆయన చెయ్యి మణికట్టు దాటి లోపలికి పోలేదు. రెండుసార్లు తోలు గీరుకుపోయాక రావమ్మని పిలిచాడు. ఆమె గాజులు తీసి బానెట్ అంచున పెట్టి చెయ్యి దూర్చింది.

"క్లిప్పు తగిలింది. ఎటు నొక్కాలి?"

"లోపలికి నొక్కి పక్కకి. అబ్బ, పక్కకే! ఊఁ, అంతే. కొత్తది గాజు దగ్గర పట్టుకోకు, చేతి జిడ్డు అంటితే నాలుగు రోజుల్లో పోతుంది."

"కొంగుతో పట్టుకున్నాలెండి. నా చేతికి జిడ్డెక్కడిది, పొద్దుట్నించి పొయ్యి దగ్గరికి పోకుండా మీ వెనకాలే తిరుగుతుంటే!"

బల్బు టక్కున కూర్చుంది. లైట్ల పైగాజు పసుపుపచ్చగా మారి ఉంది. అంకారావు పాత గుడ్డ మీద పళ్ళపేస్టు వేసుకుని గంటసేపు రుద్దాడు. రుద్దుతుంటే చిన్నప్పటి లాంతరు గుర్తొచ్చింది. సాయంత్రమయ్యేసరికి వాళ్ళ నాన్న "గ్లాసు మసిబారింది, తుడువురా," అనేవాడు. బూడిద పెట్టి తళతళలాడేలా తుడిచి తెస్తే, "సరిగ్గా తుడవలేదు, మళ్ళీ తుడువు," అని కసిరేవాడు. ఎంత తుడిచినా ఆయనకి ఆనేది కాదు.

ఎట్టకేలకి పొద్దు గూకింది. కారు ఇంటి ముందు పోర్టికోలో, తూర్పు గోడకి పాతిక అడుగుల దూరంలో, దాని వైపే ముఖం పెట్టి ఉంది. అంకారావు టేపుతో కొలిచాడు. లైటు ఎత్తు ఇరవై ఆరు అంగుళాలు. గోడ దగ్గరికి వెళ్ళి నేల నుంచి ఇరవై ఆరు కొలిచి, అక్కడక్కడా చుక్కలు పెట్టాడు. గీత మాత్రం ముగ్గు బద్దతో రావమ్మే గీసింది. నలభై ఏళ్ళుగా రోజూ వాకిట్లో గీస్తున్న చెయ్యి, ఆ చివర నుంచి ఈ చివర దాకా వంకర లేకుండా సాగింది. ఒక లైటుకి గోనెపట్టా కప్పి, రెండోదాని స్క్రూ తిప్పాడు. వెలుగు అంచు మెల్లగా దిగి గీత కింద రెండంగుళాల దగ్గర ఆగింది. రెండో లైటూ అంతే.

"చూశావా?" అన్నాడు.

"గోడ చూశాను. రోడ్డు చూద్దాం పదండి," అంది రావమ్మ.

ఊరు దాటేసరికి బాగా మసకపడింది. అంకారావు స్టీరింగు మీదకి వంగి కూర్చున్నాడు. బానెట్ ముందు రోడ్డు తెల్లగా వెలుగుతోంది. ఆ తెలుపు అవతల మాత్రం నల్లగుడ్డ పరిచినట్టుంది. కళ్ళు చిట్లించాడు, నులుముకున్నాడు. ఆ నలుపులోంచి ఉన్నట్టుండి పత్తికట్టె వేసుకుని పోతున్న ట్రాక్టరు ట్రక్కు ఊడిపడింది. వెనక దీపం లేదు. బ్రేకు వేస్తే కారు కీచుమని మూరెడు దూరంలో ఆగింది.

అంకారావు బండి వెనక్కి తిప్పి, సైకిలు తొక్కినంత నెమ్మదిగా ఇంటికి తెచ్చాడు. లోపలికెళ్ళి తాళం రావమ్మ చేతిలో పెట్టాడు. వాదిస్తాడని, లైట్లని తిడతాడని, ముషారఫ్ బల్బుల్ని తిడతాడని ఆమె అనుకుంది. ఆయన నేరుగా వెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున రావమ్మ వాకిలి కడుగుతుంటే ఆయన అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వీధిలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోయారు.

"అంతోనమ్మేనా పోయింది?" అన్నాడు.

వీధి చివరింటి అంతోనమ్మే. కానీ రావమ్మ తలెత్తి చూస్తే, ఆయన కళ్ళు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాడు. రాత్రంతా నోట్లో దాచుకున్న మాట ఆమె ఇక దాచలేకపోయింది.

"ఏవండీ, ఆ ట్రక్కు నాకూ కనపళ్ళేదు."

ఆయన కళ్ళు తెరిచాడు.

"నా కళ్ళు బానే ఉన్నాయిగా? నాకూ చీకటిగానే ఉంది రాత్రి. చెబితే మళ్ళీ బండెక్కుతారు, డాక్టరు దగ్గరికి రారు, అందుకని చెప్పలేదు." చీపురు పక్కన పడేసి బకెట్టు ఎత్తింది. "ఇంకోటి కూడా చూడండి."

పోర్టికో గచ్చు మట్టంగానే ఉంటుంది; ఆమె దాని అంచున, కారు ముందు చక్రాల దగ్గర బకెట్టు బోర్లించింది. నీళ్ళు ఒక్క క్షణం తటపటాయించి, బారుగా తూర్పు గోడ వైపు పరుగెత్తాయి. ముగ్గు గీత కింద నుంచి జారి, ఈశాన్యం మూల తూములో పడ్డాయి.

అంకారావు నోరు తెరుచుకుని చూశాడు. ఆ వాకిలి పరిపించింది తనే. వరసగా రెండేళ్ళు మామిడి పూత రాలిపోతే, వాస్తు చూసేవాడొకడు వచ్చి, ఈశాన్యం పల్లంగా లేదు, అందుకే కలిసి రావట్లేదన్నాడు. అంకారావు మేస్త్రీల నెత్తిన కూర్చుని, ఉన్న రాళ్ళన్నీ పీకించి, చెంబెడు నీళ్ళు పోస్తే చుక్క మిగలకుండా ఆ మూలకి చేరేదాకా మళ్ళీ పరిపించాడు. ఈశాన్యం పల్లం ఆయన లెక్కలో పల్లం కాదు, పద్ధతి. అందుకే ముషారఫ్ నేల మట్టంగా ఉందా అంటే, ఉందనేశాడు.

కొట్టుగదిలో మేస్త్రీలు వదిలేసిన మట్టం పైపు ఉంది. సన్నటి తెల్ల గొట్టంలో నీళ్ళు నింపి, ఆ కొస రావమ్మ లైటు దగ్గర పట్టుకుంది, ఈ కొస అంకారావు గోడ దగ్గర పట్టుకున్నాడు. నీళ్ళు ముగ్గు గీతకి ఆరంగుళాలు పైన నిలబడ్డాయి. ఆరంగుళాలు! రాత్రి లైట్లు రోడ్డు వంక కాదు, తమ కాళ్ళ వంక చూసుకుంటూ పోయాయన్నమాట. నీళ్ళు నిలిచిన చోట రావమ్మ కొత్త గీత గీసింది.

"నే చెప్పలా? లైట్లదే తప్పు! నా కళ్ళు కాదు!" అని వాకిలంతా తిరిగాడు. తాళం అడిగి మరీ పుచ్చుకున్నాడు. ఆ పగలు ఎలా గడిచిందో ఆయనకే తెలియాలి. భోజనం సగంలో లేచి వెళ్ళి గీత చూసొచ్చాడు. మూడింటికే స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. చీకటి పడీపడగానే వెలుగుని కొత్త గీత కిందికి ఎత్తి, "ఎక్కు, ఎక్కు," అని రావమ్మని తొందరపెట్టాడు.

ఈసారి రోడ్డు రోడ్డులా ఉంది. వెలుగు బారుగా సాగి, పక్కనున్న పత్తిచేల గట్ల మీద కూడా పరుచుకుంది. గేదెని తప్పించిన కల్వర్టు చాలా ముందుగానే తెల్లగా కనిపించింది. అంకారావు ఆనందం పట్టలేక హారను కొట్టాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

"కనపడుతుందా నీకు?"

"బ్రహ్మాండంగా కనపడుతుంది," అంది రావమ్మ. "మీరే గెలిచారు. ఇంక నేను ఎత్తను లెండి ఆ మాట. అదిగో, మైలురాయి. వినగడప మూడు కిలోమీటర్లు."

అంకారావు చూశాడు. రాయి కనపడింది. పైన పసుపు, కింద తెలుపు. తెలుపు మీద ఏమీ లేదు. దగ్గరికొచ్చింది. ఇంకా ఏమీ లేదు. పక్క నుంచి దాటిపోయేటప్పుడు నల్లగా ఏదో అలికినట్టు కనపడి వెనక్కి పోయింది.

గెలిచిన మనిషి మెదలకుండా ఉండొచ్చు. రావమ్మ మాటిచ్చేసింది, ఇక అడగదు. ఎదురుగా దూరంగా ఒక మోటారుసైకిలు వస్తోంది. దాని దీపం చుట్టూ ఎప్పట్లాగే రంగురంగుల చక్రం విచ్చుకుంది, చక్రం చుట్టూ ముళ్ళలాంటి గీతలు. చాలాకాలంగా దీపాలన్నీ అలాగే ఉంటున్నాయి. కొత్తరకం బల్బులు అందరికీ అలాగే కనిపిస్తాయేమోనని ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే ఏం చెబుతారోనని కూడా అడగలేదు.

మోటారుసైకిలు దాటిపోయింది. అంకారావు కారు పక్కకి తీసి ఆపాడు.

"రావమ్మా, ఆ బండి దీపం చుట్టూ నీకు చక్రం కనపడిందా?"

"చక్రమేంటండీ?"

ఆయన ఇంజను ఆపేశాడు. లైట్లు ఆపలేదు. అవి చక్కగా, తాను సరిచేసినట్టే, రోడ్డంతా చూపిస్తున్నాయి. వాటి మీద వెయ్యడానికి ఇక తప్పేమీ మిగల్లేదు.

"మా నాన్న రోజూ నాచేత లాంతరు గ్లాసు తుడిపించేవాడు," అన్నాడు. "మసిబారింది, మసిబారింది అని తిట్టేవాడు. నేనూ ఏడుస్తూ తుడిచేవాణ్ణి. దాని మీద మసి ఉండేది కాదు రావమ్మా."

రావమ్మ గేరు మీదున్న ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది. నిన్న మధ్యాహ్నం తీసిన గాజులు ఇంకా వేసుకోనేలేదు.

"విజయవాడకి పొద్దున్నే బస్సెన్నింటికి?" అని అడిగాడు.

"ఐదున్నరకొకటుంది."

"దానికే పోదాం," అని అంకారావు బండి స్టార్టు చేశాడు. "ఇంటిదాకా ఏమొస్తున్నా చెబుతూ ఉండు."

"చెబుతా, నెమ్మదిగా తిప్పండి," అంది రావమ్మ. "వెనకాల ఎవరూ లేరు. ఎడమ పక్క చిన్న గుంట ఉంది."