కర్టెన్ల కౌంటర్ దగ్గర ఒక ప్రశ్న

పొద్దున్నే కాఫీలవేళ ఆ ఇంట్లో కుర్చీలకి పెద్దగా పని ఉండేది కాదు. తత్వశాస్త్రం మాస్టారు నోరు తెరిచి ఏదో ఒకటి అడిగేవాడు, అందరూ లేచి నిలబడేవాళ్ళు. మర్యాదకి కాదండోయ్! ఆయన ఎవర్ని అడిగితే వాళ్ళు, నిజమైన జవాబు చెప్పేదాకా కూర్చోలేరు. మోకాళ్ళు వంగవు, అంతే. "తలుపు తాళం వేశావా?" అంటే వాళ్ళావిడ లేచి, "వేశాను మహానుభావా!" అని మళ్ళీ కూర్చునేది. "మనిషికి మనిషి ఏమవుతాడు?" అన్న రోజు మాత్రం ఇంటిల్లిపాదీ నిలబడే భోంచేశారు. కాలేజీలో ఆయన క్లాసులోని బెంచీలు ఎప్పుడో క్యాంటీన్‌కి తరలిపోయాయి. పరీక్ష హాల్లో మాత్రం పిల్లలు ఆయన ప్రశ్నలకి హాయిగా కూర్చునే జవాబులు రాసేవాళ్ళు. జవాబు తెలిసి అడిగే ప్రశ్నకి ఆ గుణం లేదు మరి.

మాస్టారి చెల్లెలు అదే ఇంట్లో ఉండేది. పెళ్ళి ఊసెత్తితే నవ్వి ఊరుకునే నలభై ఏళ్ళ మనిషి. బజార్లో పెద్ద బట్టల కొట్టులో కర్టెన్ల కౌంటర్ ఆమెది. గుడ్డని రెండు వేళ్ళతో నలిపి, మూడో ఉతుక్కి ఎలా తేలుతుందో చెప్పేసేది. ఆమె సెలవు పెడితే, "అయితే రేపొస్తాం లెండి" అని వెనక్కి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ పని అంటే ఆమెకి ప్రాణం. కానీ తొమ్మిదిన్నర నుంచి ఎనిమిదిదాకా నిలబడే చెయ్యాలి. కొనేవాళ్ళకి మెత్తటి కుర్చీలు, ఓనరుకి ఎత్తు కుర్చీ, అమ్మే ఆడవాళ్ళకి మాత్రం నేల. బేరం లేకపోయినా సరే, అలమరకి ఆనుకుంటే చివాట్లే. ఆ వారం డాక్టరు ఆమె చీలమండ మీద కట్టు విప్పి చూసి, "ఈ పుండు మానాలంటే కూర్చోవాలమ్మా. లేదంటే ఆ ఉద్యోగం మానెయ్యాలి" అన్నాడు. డాక్టరు ముందు ఏడవలేదు గానీ, మర్నాడు వంటింట్లో ఏడ్చింది.

"మానేసి ఏం చెయ్యను వదినా? నాకు గుడ్డ తప్ప ఇంకోటి తెలీదే!"

పక్కగదిలోంచి విన్న అన్నయ్య అప్పటికప్పుడు చెప్పులేసుకున్నాడు. "పదవే అమ్మడూ, మీ ఓనరు సంగతి నేను చూస్తా" అన్నాడు.

ఓనరు చెడ్డవాడేం కాదు. మాస్టారికి మంచినీళ్ళిచ్చి, మెత్తటి కుర్చీ వేయించాడు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, కొందరి సౌఖ్యం కోసం కొందరు కష్టపడే వ్యవస్థని మీరెలా సమర్థిస్తారు?"

కౌంటర్ల దగ్గర అమ్మాయిలంతా ఇటే చూస్తున్నారు. ఓనరు లేవలేదు సరికదా, గడ్డం కింద చెయ్యి పెట్టుకున్నాడు. "మీరు మాట్లాడుతుంటే ఇంకా వినాలనిపిస్తుందండీ మాస్టారూ" అన్నాడు. అన్నయ్య మాటలు మార్చి రెండుసార్లు అడిగాడు. ఓనరు కాలుమీద కాలు వేసుకున్నాడు. జవాబు జేబులో పెట్టుకుని వచ్చిన ప్రశ్నకి ఎవరు లేస్తారు? పాపం, అన్నయ్య నుదుటి నిండా చెమట.

చెల్లెలికి అన్నయ్యని చూస్తే జాలేసింది. ఇక రేపట్నుంచి ఈ కౌంటర్ లేదన్నమాట అనుకుంది. కాలు సలుపుతోంది. పదకొండేళ్ళలో ఓనర్ని ఎప్పుడూ ఏదీ అడిగిన మనిషి కాదు. అడిగేసింది.

"అయ్యగారూ, బేరం లేనప్పుడు కూడా మేమెందుకు నిలబడాలండీ?"

నిజంగానే ఆమెకి తెలీదు. అన్నయ్య ప్రశ్నల గుణం ఆమె మాటకీ పట్టింది.

ఓనరు ఉన్నపళంగా లేచాడు. "అదీ... వచ్చినవాళ్ళకి మర్యాదమ్మా" అంటూ కూర్చోబోయాడు. మోకాళ్ళు వంగలేదు. "కూర్చుంటే బద్ధకం వస్తుంది." ఊహూఁ. "పక్క కొట్లలోనూ అంతేగా!" అబ్బే. మధ్యాహ్నం క్యారియర్ నిలబడే తిన్నాడు. మూడయ్యేసరికి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మారుతూ నడుం పట్టుకున్నాడు.

చెల్లెలు నిలబడితే నేను కూర్చుంటానా అని అన్నయ్య కూడా ఓనరు లేచినప్పట్నించీ కౌంటర్ పక్కనే నిలబడ్డాడు. నాలుగింటికి, "నా వల్ల కాదే అమ్మడూ" అని మెత్తటి కుర్చీలో కూలబడ్డాడు. "ఇంకా నాలుగ్గంటలుంది అన్నయ్యా" అని ఆమె నవ్వింది.

అప్పుడు ఓనరు మెల్లగా కర్టెన్ల దగ్గరికొచ్చి అలమరకి ఆనుకున్నాడు. "రోజూ ఇలాగే ఉంటుందా మీకు?"

"ఇలాగేనండి. దుప్పట్ల దగ్గర పెద్దక్కకైతే ఇరవై ఏడేళ్ళు."

ఆయన దుప్పట్ల కౌంటర్ కేసి చూశాడు. "కారణమేం లేదమ్మా" అన్నాడు చివరికి. "మా నాన్న కూర్చోనివ్వలేదు, నేనూ కూర్చోనివ్వలేదు. ఎందుకా అని ఏనాడూ అనుకోలేదు." ఆ మాటతో మోకాళ్ళు వంగి, పక్కనున్న గుడ్డల బేలు మీద చతికిలబడ్డాడు. కాళ్ళు రుద్దుకుంటూ అక్కణ్ణించే కేకేశాడు. "ఎనిమిది స్టూళ్ళు తెప్పించండిరా! ఎత్తువి!"

స్టూళ్ళొచ్చాయి. ఎవరూ ముట్టుకోలేదు. చెల్లెలే పెద్దక్కని భుజాలు పట్టి ముందు కూర్చోబెట్టింది. తర్వాత ఒక్కొక్కరే కూర్చున్నారు. పెద్దక్కకి కళ్ళనీళ్ళు ఆగలేదు. ముక్కు తుడుచుకుంటూ, "ఇంత చిన్న మాట ఇన్నాళ్ళూ ఎవరం ఎందుకు అడగలేదే?" అంది.

తెలీక అడిగిన ప్రశ్నే మరి, ఠక్కున అందరూ లేచి నిలబడ్డారు. అన్నయ్య కూడా.

"భయం అక్కా" అంది చెల్లెలు. అమ్మాయిలందరూ తలూపారు. ఒక్కొక్కరే మళ్ళీ కూర్చున్నారు.

అన్నయ్య ఒక్కడే కొట్టు మధ్యలో నిలబడిపోయాడు. ఆయనకి ఈ ఓనరంటే భయమేముంది? కళ్ళజోడు తీశాడు.

"ఒక్క ఇంట్లో ఉంటూ నీ కాళ్ళకేసి చూడలేదే అమ్మడూ" అన్నాడు.

మోకాళ్ళు వంగాయి. వెనకాల మెత్తటి కుర్చీ ఉంది గానీ, ఆయన వెళ్ళి చెల్లెలి స్టూలు పక్కన నేలమీద కూర్చున్నాడు.